ఎడమ వైపు అద్దం

కారు అద్దాన్ని వేలి కణుపుతో తట్టి అది ఎలాంటిదో చెప్పడం నాకు పెళ్లయ్యాకే వచ్చింది. అంతకుముందు నాకు తెలిసిందల్లా చేపలు. మా పుట్టింటివాళ్లు ఇబ్రహీంపట్నం చెరువులో వలలు వేసేవాళ్లు. పట్టిన చేపల్ని మా అమ్మ అంగట్లో పోసుకుని కూర్చుంటే, పక్కన నేను కత్తిపీట ముందు కూర్చునేదాన్ని. నన్ను మెకానిక్‌కు ఇస్తున్నారనగానే, పిల్లకు నీసు వాసన వదిలి గ్రీజు వాసన పట్టుకుంటుందని మా వదినెలు ఆటపట్టించారు. వాళ్లన్నట్టే అయింది. ఆ మనిషి నచ్చాడు కాబట్టి ఆ వాసనా నచ్చింది.

ఇది ఆయన చూపు గురించి రాస్తున్న సంగతి. ఆ చూపు పోతూ ఉంటే మేమిద్దరం కలిసి ఆ నేరాన్ని ఒక కారు అద్దం మీదికి నెట్టాం. ఇప్పుడు తలుచుకున్నా నాకు ముందు కోపం వస్తుంది, ఏడుపు ఆ తర్వాత వస్తుంది.

మా షెడ్డు సాగర్ రోడ్డు మీద, శేరిగూడ కాలేజీల బస్సులు మలుపు తిరిగే చోటుకు దగ్గర్లో ఉంది. మొదట్లో జీపులు, ట్రాక్టర్లు వచ్చేవి. చుట్టుపక్కల చేలన్నీ వెంచర్లయ్యాక, భూములు అమ్మినవాళ్లకూ కొన్నవాళ్లకూ పాత కార్ల మీద మోజు పుట్టింది. తాతల నాటి గుండ్రటి ముక్కు కార్లను ఎక్కడెక్కడి కొట్టాల్లోంచో లాక్కొచ్చి, ఫామ్‌హౌస్ ముందు నిలబెట్టుకోవడానికో బరాత్‌లకు కిరాయికి ఇవ్వడానికో బాగు చేయించేవాళ్లు. వచ్చినవాళ్లు ఇంజను గురించి, రంగు గురించి మాట్లాడుతుంటే మా ఆయన తిన్నగా అద్దాల దగ్గరికి వెళ్లేవాడు.

చెప్పగా చెప్పగా నాకూ ఆ విద్య ఒంటబట్టింది. అద్దాలు మూడు రకాలు. ఇంటి కిటికీలకు, ఫొటోలకు వేసే మామూలు అద్దం పగిలితే కత్తుల్లా చీలుతుంది. కాల్చి గట్టిపరిచిన అద్దం కలకండ పలుకుల్లా రాలుతుంది. దాన్ని కోయడం ఎవరి తరమూ కాదు, కొలత ఇచ్చి చేయించుకోవాల్సిందే. మూడోది రెండు పలకల మధ్య పల్చటి పొర పెట్టి అతికించింది. పగిలినా ఆ పొరనే అంటిపెట్టుకుని ఉంటుంది, మనిషి మీద పడదు. మంచి అద్దానికి మూలన ముద్ర ఉంటుంది. ముద్ర అరిగిపోతే అంచు చూడాలి. పొర అద్దమైతే అంచులో సన్నటి గీత కనిపిస్తుంది, తట్టితే మొద్దుగా పలుకుతుంది. మామూలుదైతే ఖంగుమంటుంది, అంచు గోటిని గీరుతుంది. పొర అద్దమూ కలకాలం ఉండదు. ఎండకు, తడికి పొర పాడయితే అంచు నుంచి లోపలికి పాలు కమ్మినట్టు తెల్లబడుతూ వస్తుంది. అప్పుడు దాన్నీ మార్చాలి.

మా వైపు పాత కార్లలో సగానికి పైగా మామూలు అద్దాలే ఉండేవి. ఆ కార్ల కిటికీలు వంపు లేకుండా బల్లపరుపుగా ఉంటాయి. ఒక అద్దం పగలగానే ఎవరైనా ఫొటో ఫ్రేముల దుకాణానికే వెళ్లేవాళ్లు. అట్టముక్క మీద కొలత గీసి ఇస్తే వాళ్లు చాయ్ తాగేలోపు కోసి ఇచ్చేవాళ్లు. దేవుడి పటానికి కోసే చేత్తోనే కారు తలుపుకూ కోసేవాళ్లు. ఎవరికీ అందులో తప్పు కనిపించలేదు. మా ఆయనకు మాత్రం అలాంటి అద్దం చూస్తే ఒళ్లు మండేది.

"ఫొటోలకేసే అద్దం బతికున్నోళ్ల మొకం ముంగట పెడ్తరా?" అనేవాడు. కారు యజమాని ఎంత పెద్దవాడైనా ఆ మాట అనకుండా వదిలేవాడు కాదు. నాకు లోపల భయంగా ఉండేది, గిరాకీ పోతుందేమోనని. కొందరు నిజంగానే పోయారు. పోతే పోనీ అనేవాడు.

ముందు అద్దం బిగించడం ఇద్దరి పని. అద్దం చుట్టూ రబ్బరు తొడిగి, దాని గాడిలో నైలాన్ తాడు చుట్టి, సబ్బునీళ్లు రాసి చట్రానికి ఆనించాలి. ఒకరు బయట నిలబడి అరచేతులతో నొక్కుతుంటే, ఇంకొకరు లోపల కూర్చుని తాడు కొస మెల్లగా లాగాలి. తాడు వచ్చే కొద్దీ రబ్బరు అంచు చట్రం మీదికి ఎక్కి కూర్చుంటుంది. లోపల ఆయన, బయట నేను. పెళ్లయిన కొత్తలో ఇంట్లో మనుషులెక్కువ, ఒకరి మొహం ఒకరం తీరిగ్గా చూసుకున్నది ఆ అద్దాల్లోంచే. నేను నవ్వితే చేతుల్లో బలం పోతుందని తిట్టేవాడు. తిడుతూ తనూ నవ్వేవాడు.

మేం నేరం మోపిన ఆ నల్లకారు మా దగ్గరికి వచ్చింది మొన్నీమధ్యే. కోహెడ వైపు మామిడి తోట ప్లాట్లు చేసి అమ్ముకున్న ఒకాయన దాన్ని ఎక్కడో కొన్నాడు. పొడుగు ముక్కు, ముందు అద్దం రెండు ముక్కలుగా, మధ్యలో ఇనుప పట్టీ. ఆయన కూతురి పెళ్లి దగ్గరికి వస్తోంది. అప్పగింతలయ్యాక బిడ్డ ఆ కారులోనే అత్తగారింటికి వెళ్లాలని ఆయన ముచ్చట. మా ఆయన కారు చుట్టూ తిరిగి తట్టాడు. అన్నీ ఖంగుమన్నాయి. ముందు అద్దాలతో సహా అన్నీ ఫొటోల అద్దాలే.

నల్ల ఫిలిం అంటిస్తే సరిపోదా అని ఆ యజమాని అడిగాడు. మా ఆయన జవాబు చెప్పకుండా, షెడ్డు వెనక ఎప్పుడో పీకి పడేసిన మామూలు అద్దం ముక్క తెచ్చి, గోనెసంచిలో చుట్టి సుత్తితో ఒక్కటి వేశాడు. సంచి విప్పి ఆయన ముందు పెట్టాడు. ఆ పెద్దమనిషి కత్తుల్లాంటి ఆ ముక్కల్ని చూసి, బిడ్డను తలుచుకుని తన మెడ మీద చెయ్యి పెట్టుకుని, అన్నీ మార్చెయ్యమన్నాడు.

తలుపులకు పొర అద్దం కోసి వేశాం. ముందు అద్దాలు రెండూ సిటీలోని అద్దాల సేటు దగ్గర తెచ్చాం. ఆ సేటు మా ఆయనకు పాతికేళ్ల దోస్తు. వాళ్ల ఇంట్లో సేమియా అయితే మాకు డబ్బా వచ్చేది, మా ఇంట్లో సకినాలు అయితే వాళ్లకు పోయేది. అద్దం విషయంలో సేటు మాట తప్పిన రోజు ఒక్కటీ లేదు.

బిగించిన మర్నాడు పొద్దున మా ఆయన డ్రైవరు సీట్లో కూర్చుని నన్ను పిలిచాడు. ఎడమ వైపు అద్దానికి పాలు కమ్మిందన్నాడు. కొత్త అద్దం, తెచ్చి రెండు రోజులు కాలేదు. నేను తడిగుడ్డతో తుడిచాను, పాత పేపరుతో రుద్దాను. చూస్తే తళతళ మెరుస్తోంది. ఏమీ లేదన్నాను.

"అంచు కాడ్నుంచి లోపలికి గింత తెల్లగ కమ్మింది, నీకు కనవడ్తలేదా?"

నాకు చిర్రెత్తింది. పొద్దున్నుంచి చేతులు నొప్పెట్టేలా రుద్దిందాన్ని నేను. కనబడట్లేదని గట్టిగా చెప్పాను. ఆయన అంతకన్నా గట్టిగా, ముప్ఫై ఏళ్లుగా అద్దాలు చూస్తున్నానన్నాడు. అద్దం సంగతిలో ఆయన మాటే నాకు వేదం. నా కంటికి అందని దోషం ఆయన కంటికి చిక్కిందనే అనుకున్నాను.

సేటుకు ఫోన్ చేశాడు. పాత సరుకు అంటగట్టావన్నాడు. సేటు నొచ్చుకున్నా మాట మీరలేదు, ఇంకో అద్దం పంపాడు. మళ్లీ రబ్బరు, మళ్లీ తాడు, మళ్లీ సబ్బునీళ్లు. నేను బయట నొక్కుతున్నాను, ఆయన లోపల లాగుతున్నాడు. సగంలో ఆగిపోయాడు. ఇదీ అట్లాగే ఉందన్నాడు. నా మొహం కూడా పొగలో ఉన్నట్టు కనిపిస్తోందన్నాడు. సగం బిగిసిన ఆ అద్దాన్ని సాయంత్రానికల్లా ఊడదీసి, మొదటిదాని పక్కనే గోడకు ఆనించాడు. సేటుకు మళ్లీ ఫోన్ చేసి ఈసారి అనరాని మాటలు అన్నాడు. మోసగాడన్నాడు. అవతల సేటు ఏమీ అనకుండా ఫోన్ పెట్టేశాడని ఆయనే నాతో చెప్పాడు, అదీ నేరమే అన్నట్టు.

ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు. తప్పు కళ్లదేమోనన్న మాట నాకు అప్పుడు తట్టింది. మర్నాడు ఎండ బాగా వచ్చాక షెడ్డు ముందు స్టూలు వేసి కూర్చోబెట్టి, గడ్డం పట్టుకుని ఆయన రెండు కళ్లూ చూశాను. మా అమ్మ నేర్పిన చదువు అది. చేప చెడితే ముందు కన్ను తెల్లబడుతుంది, తాజా చేప కన్ను నల్లగా నిగనిగలాడుతుంది. అంగట్లో పది మంది బేరగాళ్లు మొప్పలు ఎత్తి చూస్తుంటే నేను కన్ను చూసే చెప్పేసేదాన్ని. మా ముసలమ్మలకు మోతిబిందు, అంటే కంటి శుక్లం, వచ్చినా కంట్లో తెల్లటి పువ్వు కనిపించేది. ఆయన కళ్లలో ఏ తెలుపూ లేదు. పెళ్లినాడు చూసిన నలుపే.

"మంచిగున్నయ్ నీ కండ్లు. సేటే మోసం చేసిండు," అన్నాను.

ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. నేనూ పీల్చుకున్నాను. కంట్లో జబ్బుంటే పైకి కనిపించి తీరుతుందని మా ఇంటి వాళ్లంతా నమ్మేవాళ్లు. ఎవరు కాదన్నారు గనక.

సేటు దగ్గరికి ఇక పోనన్నాడు. ఇంకో దుకాణం నుంచి ఇంకో అద్దం తెప్పించాడు. ఈసారి ఆయన బిగించిన అద్దాన్ని చూసి, వంక పెట్టకుండా పాలిష్ డబ్బా అందుకున్నాడు. నాకు మనసు కుదుటపడింది. పెళ్లి దగ్గర పడుతోంది, యజమాని మనిషిని పంపి అడిగిస్తున్నాడు. ఇక తలుపులకు పాలిష్ పట్టడమే మిగిలింది.

ఆ పొద్దున ఎడమ వైపు ముందు తలుపు అద్దం ఎక్కిదిగే చోట గరగరమంటోందని, అద్దం విప్పి, కింద పరిచిన దుప్పటి మీద పెట్టాను. కారు లోపల కూర్చుని గాడిలో దుమ్ము దులిపి నూనె రాస్తున్నాను. ఆయన టీ తాగి వచ్చాడు. కారు పక్కన నిలబడి, ఆ తలుపు కిటికీ వైపు చూసి, నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"గిది సూడు. గిది గూడ గట్లనే కమ్మింది."

నేను తల ఎత్తాను. ఏది అని అడిగాను. ఆయన వేలు చూపించాడు. ఆ కిటికీలో అద్దం లేదు. చట్రం ఖాళీగా ఉంది. అవతల రోడ్డు మీద కాలేజీ బస్సు పోతోంది, దాని పసుపు రంగు నాకు కళ్లల్లో గుచ్చుకుంటోంది.

కారు లోపల కూర్చుని ఉన్నదాన్ని, ఆ ఖాళీ కిటికీలోంచి నా చెయ్యి బయటికి పెట్టాను. ఆయన ఛాతీ దాకా. ఆయన నా చేతిని చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత తన చెయ్యి ఎత్తి కిటికీలోంచి లోపలికి పెట్టాడు, అద్దం ఉండాల్సిన చోట అటూ ఇటూ ఆడించాడు.

"అద్దం ఎప్పుడు తీసినవ్?"

"పొద్దుగాల," అన్నాను.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. షెడ్డులోకి పోయి టైర్ల మీద కూర్చున్నాడు. నేను కారులోంచి దిగలేకపోయాను. నా చేతుల నిండా నూనె ఉంది, కళ్లు తుడుచుకుందామంటే చీర కొంగు కూడా దొరకలేదు నాకు.

సిటీలో కంటి దవాఖానకు పోయాం. గడ్డం ఆనించమన్నారు, దీపాలు వేశారు, చుక్కలు కనిపించినప్పుడల్లా మీట నొక్కమన్నారు. అన్నీ చూసి డాక్టరమ్మ నీటికాసులు అంది. కంట్లో ఒత్తిడి పెరిగి లోపలి నరం ఎండిపోతుందట. నొప్పి ఉండదట, పైకి ఏ గుర్తూ ఉండదట. పక్కల నుంచి మెల్లగా తినుకుంటూ వస్తుందట, ఆయనకు ఎడమ పక్క ఎక్కువ పోయిందట. ముందే వచ్చి ఉంటే చుక్కల మందుతో ఆపగలిగేవాళ్లమంది. ఇప్పుడు వేసే మందు మిగిలిన కాస్తనూ కాపాడడానికే.

"పాడైంది తీసి కొత్తది ఏయనీకి రాదా, మేడం? అద్దం లెక్క?" అని అడిగాడు మా ఆయన.

ఆమెకు మా పని ఏమిటో తెలియదు. మోతిబిందు అయితే మార్చేవాళ్లమనీ, ఇది పొర కాదు నరమనీ, నరానికి మార్పు లేదనీ ఓపిగ్గా చెప్పింది. మార్కెట్లో దొరకని పార్టు గురించి చెప్పినప్పుడు తలాడించినట్టే ఆయన తలాడించాడు. ముప్ఫై ఏళ్లు ఎవరి కారుకు ఏ ముక్క పాడైనా ఎక్కడో ఒకచోట వెతికి తెచ్చిన మనిషి. ఆయనకు ఒక్క నరం తెచ్చిపెట్టే దుకాణం ఈ లోకంలో లేదు. నాకు ఆ డాక్టరమ్మను కొట్టాలనిపించింది. దేవుణ్ణి కొట్టాలనిపించింది. తిరుగు బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తుంటే, ఏం కనిపిస్తోందని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఇంటికి వచ్చాక చేసిన మొదటి పని సేటుకు ఫోన్. నంబరు నన్ను నొక్కమన్నాడు. "అన్నా, అద్దం మంచిగనే ఉండె," అన్నాడు. అవతల సేటుకు మొదట అర్థం కాలేదనుకుంటాను. తర్వాత ఏం చెప్పాడో నాకు వినిపించలేదు, ఆయన ఫోన్ చెవికి ఆనించుకుని చాలాసేపు ఊ కొడుతూ కూర్చున్నాడు. మర్నాడు సేటు కారు వేసుకుని వచ్చాడు. గోడకు ఆనించి ఉన్న రెండు అద్దాలూ తీసుకుపోతానన్నాడు. మా ఆయన వాటి అంచులు తడిమి, గీతలు పడకుండా గోనెసంచిలో చుట్టి తనే డిక్కీలో పెట్టాడు. సేటు వెళ్లిపోయాక నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను.

నల్లకారు పని మిగిలినది నేనే చేశాను. తలుపు అద్దం గాడిలోకి దించాను. ఆయన పక్కన నిలబడి ఏ స్క్రూ ఎంత బిగించాలో చెప్పాడు. ఎప్పుడూ లేనిది, నా మీద కోపపడలేదు. ఒక్కసారి తిట్టి ఉంటే నాకు ఎంత బాగుండేదో.

కారు తీసుకుపోవడానికి యజమాని తన భార్యతో వచ్చాడు. కారు చూసి ఇద్దరూ మురిసిపోయారు. వెళ్లే ముందు ఆయన, తన బిడ్డ కూర్చునే కారు కాబట్టి అద్దాలన్నీ మరోసారి చూసి చెప్పమన్నాడు. ఆ మాట ఆయన అడగకపోయినా మా ఆయన చూసేవాడే. షెడ్డు నుంచి ఏ కారు బయటికి పోయినా, చుట్టూ తిరిగి ఒక్కో అద్దం తట్టి, దాంట్లోంచి అవతలికి చూసి, సాఫ్ ఉంది అని తన నోటితో చెప్పకుండా తాళం చెవి ఇచ్చింది లేదు. ఆ మాట ఎప్పుడూ ఇంకొకరితో చెప్పించలేదు, నాతో కూడా.

ఒక చెయ్యి కారుకు ఆనించి నడుస్తూ అన్నీ తట్టాడు. వెనక తలుపులు, ముందు తలుపులు. ప్రతిదీ మొద్దుగా పలికింది. ముందుకు వచ్చి కుడి వైపు అద్దం తట్టాడు. ఎడమ వైపుది తట్టాడు. అదీ మంచి పొర అద్దమేనని ఆయన వేళ్లకు తెలిసింది. తర్వాత అలవాటు కొద్దీ వంగి, అద్దానికి మొహం దగ్గరగా పెట్టి చూశాడు. అట్లాగే ఉండిపోయాడు. యజమాని నావైపు చూశాడు. ఆయన భార్య కొంగు సర్దుకుంది. నేను మా ఆయన వీపు వైపు చూస్తూ నిలబడ్డాను. చూడకుండానే సాఫ్ అనేస్తే బాగుండునని ఎంత కోరుకున్నానో చెప్పలేను. అద్దం నిజంగా బాగుంది, అలా అన్నా అబద్ధం కాదు.

ఆయన నడుం ఎత్తి, చేతులు పైపంచెకు తుడుచుకున్నాడు.

"నాకు తెల్వదు. ఆమెనడుగుండ్రి," అన్నాడు.

నేను అద్దం ముందుకు వచ్చి వంగాను. దాంట్లోంచి లోపలి స్టీరింగు, సీట్ల కొత్త గుడ్డ, వెనక అద్దం, దాని అవతల షెడ్డు, షెడ్డు అవతల వెంచరు కమాను మీద ఎగురుతున్న జెండాలు, అన్నీ కనిపించాయి. ఒక్క మచ్చ లేదు. సాఫ్ ఉంది అన్నాను. మా ఆయనకు వినబడేలా మళ్లీ అన్నాను.

మా ఆయన తాళం చెవి యజమాని చేతిలో పెట్టాడు. తర్వాత నన్ను మెచ్చుకుంటున్నట్టు నవ్వి నావైపు తిరిగాడు. ఆయన చూపు నా మీద కాదు, నా పక్కన ఎవరూ లేని చోట ఆగింది. నేను అక్కడే ఉన్నాననుకుని, అట్లాగే నవ్వుతూ నిలబడ్డాడు. నేనే కొంచెం జరిగి, ఆయన చూస్తున్న చోటికి వెళ్లి నిలబడ్డాను.